పొద్దున్నే స్టార్ట్ చేస్తే వణుకుతున్న పెట్రోల్ కారు: తప్పు ఈ20దా, బండిదా?

కావలి కుర్రోడు:
2016 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 4 సిలిండర్లు, తొంభై వేలు తిరిగింది. రాత్రంతా నిలబెట్టి పొద్దున్నే సెల్ఫ్ కొడితే ఒక పట్టాన అందుకోదు. అందుకున్నాక అర నిమిషం మిస్సింగ్ (సిలిండర్లో పెట్రోల్ సరిగా మండకపోవడం), స్టీరింగ్ దాకా వణుకు, వెనక పచ్చి పెట్రోల్ వాసన. ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు సాఫీగా నడుస్తుంది. నెల్లూరు తీసుకెళ్లి చూపిస్తే "బండికేం, బ్రహ్మాండంగా ఉంది" అని పంపించేశారు. ఏం మార్పించమంటారు?

పెన్నా గట్టు:
ఏమీ మార్పించొద్దు. బంకులో ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ పోస్తున్నారుగా, అదీ సంగతి. ఇథనాల్ ఆవిరి కావడానికి పెట్రోల్ కంటే రెట్టింపు పైనే వేడి కావాలి, అందుకే కోల్డ్ స్టార్ట్‌లో, అంటే చల్లారిన ఇంజిన్ని లేపేటప్పుడు ఈ తంటా. పైగా కిలో పెట్రోల్ మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు. పాత లెక్క ప్రకారం ఇంజక్టర్ చిమ్మితే ఇంధనం చాలదు. 2030కి పెట్టుకున్న ఈ20 లక్ష్యాన్ని ప్రభుత్వంవాళ్లు 2025కి లాక్కొచ్చారు. 2016లో బండి కొన్నవాళ్లు ఏం పాపం చేశారు?

బుచ్చి బాబాయ్:
మన నెల్లూరులో చలెక్కడ ఏడ్చిందబ్బా, కోల్డ్ స్టార్ట్ అంటారు!

ఒంగోలు షెడ్డు:
ఊరి చలి కాదు బాబాయ్. 90 డిగ్రీల దగ్గర నడవాల్సిన ఇంజిన్‌కి 25 కూడా చలే.
గట్టు గారూ, ఇంధనం చాలకపోతే పచ్చి వాసన ఎందుకొస్తుంది? ఎక్కువై వస్తోంది. రాత్రంతా ఏదో ఒక ఇంజక్టర్ కారుతూ ఉంటుంది. ఆ సిలిండర్లో ప్లగ్గు తడిసిపోతుంది, ఆరేదాకా మిస్సింగ్.

పెన్నా గట్టు:
మిస్సయితే మండని పెట్రోల్ సైలెన్సర్లోంచి బయటికి రాదా? అది వాసన రాదా?

ఒంగోలు షెడ్డు:
వస్తుంది. కానీ ఈ20 నాలుగు సిలిండర్లకూ ఒకేలా పడుతుంది. ఒక్క సిలిండరే ఎందుకు అలుగుతుంది?

పెన్నా గట్టు:
ఒక్కటే అని మీకెవరు చెప్పారు? బండి చూడకుండానే తేల్చేశారా?

కృష్ణపట్నం షిఫ్ట్:
ఇద్దరూ కాసేపు ఆగండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆక్సిజన్ సెన్సర్ (పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసేది) పనిచేయదు, అది 300 డిగ్రీల దాకా వేడెక్కాలి. అప్పటిదాకా కంప్యూటర్ ఎంత పెట్రోల్ పోయాలో కూలెంట్ సెన్సర్ (ఇంజిన్ని చల్లబరిచే నీళ్ల వేడి కొలిచేది) మాట విని నిర్ణయిస్తుంది. సెన్సర్ అబద్ధం చెప్తే వణుకే. కుర్రోడూ, బండి కంప్యూటర్ రీడింగులు చూపించే చిన్న స్కానర్ తగిలించి, రేపు పొద్దున స్టార్ట్ చేయకుండా తాళం ఆన్‌లో పెట్టి చూడు. కూలెంట్ వేడి ఎన్ని డిగ్రీలు, లోపలికొచ్చే గాలి వేడి ఎన్ని? రాత్రంతా నిలబడిన బండిలో రెండూ ఇంచుమించు ఒకటే ఉండాలి. గాలి 24 అని, కూలెంట్ 60 అని చూపిస్తే దొంగ దొరికినట్టే.
ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఇదే జబ్బుకి ఒక షెడ్డువాళ్లు నాకు ప్లగ్గులు, వాటికి కరెంటిచ్చే కాయిళ్లు, పెట్రోల్ పంపు మార్చి 14 వేలు గుంజారు. చివరికి చూస్తే ఆ సెన్సర్ పిన్నుకి తుప్పు. సముద్రపు గాలి కదా.

ఒంగోలు షెడ్డు:
ఎవడో చేసినదానికి షెడ్లన్నిటినీ అనకండి. రెండు వేల స్కానర్ కొన్న ప్రతివాడూ మెకానిక్ అయిపోతున్నాడు.

కృష్ణపట్నం షిఫ్ట్:
మెకానిక్‌ననలేదు. నా డబ్బులతో మీరు ఊహలు పరీక్షించుకోవద్దంటున్నా.

ఒంగోలు షెడ్డు:
సరే, డబ్బుల మాట మీరే ఎత్తారు కాబట్టి వినండి. బానెట్ ఎత్తి గంట కుస్తీ పట్టి, "ఫలానా పిన్ను తుప్పు పట్టింది, తుడిచాను, పోండి" అంటే ఎంతిస్తారు? యాభై. చూసినందుకు 500 అడిగితే "చూడ్డానికి కూడా డబ్బులా" అని పక్క షెడ్డుకి పోతారు. అక్కడ కాయిల్ మారిస్తే నోరెత్తకుండా నాలుగు వేలిస్తారు. చేతిలో కొత్త డబ్బా కనిపించింది కదా! తప్పు పట్టుకున్నందుకు కూలి లేని చోట పార్టులు మారకుండా ఎలా ఉంటాయి?
ఇంకోటి. ఈ అబ్బాయి హైవే మీద గంట నడిపి నెల్లూరు తీసుకెళ్లాడు. ఇంజిన్ కాగిపోయి ఉంటుంది, అక్కడ ఎవడికి కనిపిస్తుంది జబ్బు? రాత్రి బండి వదిలి వెళ్లమంటే ఒక్కరూ వదలరు.

కృష్ణపట్నం షిఫ్ట్:
500 ముందే చెప్తే ఇచ్చేవాడిని. నాకెవరూ చెప్పలేదు. "ఇది మార్చి చూద్దాం" అన్నారంతే. ఆ చూడ్డమేదో నా ఖర్చుతో.

బుచ్చి బాబాయ్:
పాత అంబాసిడర్‌కి చోక్ లాగితే సరిపోయేది.

కావలి కుర్రోడు:
ఇవాళ పొద్దున చూశాను. గాలి 24, కూలెంట్ 25. సెన్సర్ బానే ఉన్నట్టుంది. స్టార్ట్ చేయకముందే మా పక్కింటన్న సాయంతో ప్లగ్గులు విప్పాను. మూడోది తడిగా ఉంది, ముక్కు దగ్గర పెడితే పెట్రోల్ వాసన. మిగతా మూడూ పొడిగా గోధుమ రంగులో ఉన్నాయి.

కృష్ణపట్నం షిఫ్ట్:
అయితే సెన్సర్ కాదు. కూలెంట్ డబ్బాలో మట్టం తగ్గుతోందా? హెడ్ గాస్కెట్ (ఇంజిన్ హెడ్డు కింద ఉండే సీలు) దగ్గర నీరు ఊరినా ఇలాగే అర నిమిషం మిస్సవుతుంది, తెల్ల పొగ కూడా వస్తుంది.

కావలి కుర్రోడు:
గీత దగ్గరే ఉంది. పొగ లేదు.

ఒంగోలు షెడ్డు:
ఇప్పుడు మూడో ఇంజక్టర్ తీసి ఒకటో దాంట్లో పెట్టు. మర్నాడు ఒకటో ప్లగ్గు తడిస్తే ఇంజక్టర్ ఖాయం, అదొక్కటే శుభ్రం చేయించు, కారడం ఆగకపోతే మార్చు. మూడోదే తడిస్తే ముందు మూడో కాయిల్ చూడాలి. పైసా పెట్టి ఏదీ కొనొద్దు అప్పటిదాకా. పెట్రోల్ లైన్లో ప్రెషర్ దించకుండా మాత్రం చెయ్యి పెట్టొద్దు, మంటలొస్తాయి.

పెన్నా గట్టు:
ఆ ఇంజక్టర్ సీలు ఎందుకు చెడిందో కూడా చెప్పండి మరి. పాత బండ్ల రబ్బరు ఇథనాల్‌కి తట్టుకోదు. 2023 ఏప్రిల్ నుంచి ఈ20కి తగ్గ మెటీరియల్‌తో బండ్లు తెమ్మన్నారంటే, అంతకుముందువాటి సంగతేంటి?

ఒంగోలు షెడ్డు:
లోపల కారేది రబ్బరు సీలు కాదు గట్టు గారూ, సూది కూర్చునే చోటు. తొంభై వేలకి అక్కడ మడ్డి పేరుకుంటుంది, ఈ20 లేని రోజుల్లోనూ చూశాను. మీరు అడిగేది న్యాయమే, కానీ అది అడగాల్సింది నన్ను కాదు.

పెన్నా గట్టు:
అడగాల్సినవాళ్లు చెప్పరు, తెలిసినవాళ్లు అడగొద్దంటారు. బాగుంది.

కావలి కుర్రోడు:
అన్నా, ఇంజక్టర్ రెయిల్ విప్పడం నా వల్ల కాదు. శనివారం రాత్రి బండి మీ షెడ్డులో వదిలి రైలెక్కేస్తా. చూసినందుకు ఎంత?

ఒంగోలు షెడ్డు:
పైన చెప్పానుగా. 500. పని వేరే.

కావలి కుర్రోడు:
400 చేసుకో అన్నా.