టెర్మినేటర్ 2 లో ఆ అద్దం సీను ఉన్న డిస్క్ ఏది?

మాది కర్నూలు. 1991లో వచ్చిన టెర్మినేటర్ 2 సినిమా అంటే నాకు ప్రాణం. ఇనుప కటకటాల్లోంచి విలన్ రోబో టీ-1000 పాదరసంలా జారి వస్తాడు, చేతిలో తుపాకీ మాత్రం కమ్మీలకు టక్కున తగులుకుంటుంది. ఆ ఒక్క క్షణానికే డబ్బులు గిట్టుబాటు!

మొన్న మావాడికి చూపిస్తే, అద్దం ముందు రోబోగా వేసిన ఆర్నాల్డ్ తలలోంచి హీరోయిన్ చిప్ తీసే సీను రాలేదు. "కలొచ్చింటాదిలే నాయనా" అని ఒకటే నవ్వు. అది థియేటర్‌లో వేసినదాంట్లో లేదు, తర్వాతి పొడవాటి వెర్షన్‌లో ఉంది. నిజానికి అక్కడ అద్దమే లేదు: ఇటు హీరోయిన్ లిండా హామిల్టన్ కవల సోదరి, అటు లిండా.

ఆ వెర్షన్ ఉన్న బ్లూరే మన ప్లేయర్లలో ఆడుతుందా? కొనేముందు డబ్బా మీద ఏం చూసుకోవాలి? వాడి సెలవులు అయిపోయేలోగా చెప్పండి సార్.