ఢిల్లీ–టోక్యో: పోతే 11 గంటలు, వస్తే 6 గంటలేనా?

కొత్తటికెట్: ఢిల్లీలో రాత్రి 8:00కి ఎక్కితే టోక్యోలోని హనేడా ఎయిర్‌పోర్టులో ఉదయం 7:15కి దిగుతామని టికెట్ మీద ఉంది. తిరుగు విమానం టోక్యోలో ఉదయం 11:00కి, ఢిల్లీలో సాయంత్రం 5:15కి. రెండూ నాన్‌స్టాపే. ఇంత తేడా ఏంటండీ? అసలు దూరం ఎంత?

గడియారంముల్లు: ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. జపాన్ మనకన్నా మూడున్నర గంటలు ముందుంటుంది, ఏడాది పొడవునా అంతే. వెళ్ళేటప్పుడు కనిపించే 11:15 లోంచి 3:30 తీసేయండి: 7:45. వచ్చేటప్పుడు 6:15కి 3:30 కలపండి: 9:45. మీరు అనుకున్నదానికి తలకిందులు, తిరుగు ప్రయాణమే రెండు గంటలు ఎక్కువ.

పటంపిచ్చి: దూరం హనేడాకి సుమారు 5,860 కి.మీ., టోక్యోకే ఉన్న ఇంకో ఎయిర్‌పోర్టు నరిటాకి 5,910. గ్లోబు మీద దారం లాగి పట్టి కొలిచినట్టు అన్నమాట. కానీ ఆ దారం టిబెట్ మీదుగా పోతుంది, విమానాలు మామూలుగా అటు పోవు. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పడిపోతే వెంటనే 10,000 అడుగులకు దిగాలి. టిబెట్‌లో నేలే సగటున 14,000 అడుగుల పైన ఉంటే ఇంకెక్కడికి దిగుతారు? చాలా విమానాల్లో ప్రయాణికుల మాస్కుల్లో ఆక్సిజన్ వచ్చేది 12 నుంచి 22 నిమిషాలే. అందుకే దక్షిణంగా, మయన్మార్ మీదుగా చుట్టు తిరిగి పోతారు. తిరిగిన దూరం 6,000 దాటుతుంది.

గాలివాటం: దూరాన్ని విమానం వేగం గంటకు 900 కి.మీ.తో భాగించి ఆరున్నర గంటలని చెప్పే వెబ్‌సైట్లను నమ్మకండి, వాటికి గాలి సంగతి పట్టదు. ఈ దారిలో జెట్ స్ట్రీమ్, అంటే బాగా ఎత్తులో జోరుగా వీచే గాలి, పడమర నుంచి తూర్పుకు వీస్తుంది, జపాన్ దగ్గర చలికాలంలో మరీ జోరు. సగటున గంటకు 120 కి.మీ. గాలి, 6,200 కి.మీ. దారి అనుకోండి. పోయేటప్పుడు 1,020 వేగంతో 6:05, వచ్చేటప్పుడు 780తో 7:57. ట్యాక్సీయింగ్ (విమానం నేలమీద రన్‌వేకి వెళ్ళిరావడం), పైకి లేవడం, కిందికి దిగడం, ఎయిర్‌లైన్స్ వేసుకునే అదనపు నిమిషాలు దీనిమీద. వేసవిలో గాలి తగ్గితే ఈ తేడా కూడా తగ్గుతుంది.

కొత్తటికెట్: మధ్యలో ఆగే టికెట్ చవగ్గా దొరికితే?

పటంపిచ్చి: హాంకాంగ్ మీదుగా మొత్తం 6,650 కి.మీ., చుట్టు తక్కువే. బ్యాంకాక్ అయితే 7,540. సింగపూర్ 9,460, అదైతే మరీ ముక్కు ఎక్కడంటే తల చుట్టూ తిప్పి చూపించడమే.

గడియారంముల్లు: టోక్యోలో ఏ ఎయిర్‌పోర్టో కూడా చూసుకోండి. హనేడా ఊళ్ళోనే ఉన్నట్టు. నరిటా నుంచి టోక్యో స్టేషన్‌కి ఎక్స్‌ప్రెస్ రైల్లోనే దాదాపు గంట. అర్ధరాత్రి దాటితే రైళ్ళు ఉండవు.

గాలివాటం: తిరిగొచ్చేటప్పుడు ఢిల్లీ నుంచి డొమెస్టిక్ ఫ్లైట్ ఉంటే జాగ్రత్త. ఇమ్మిగ్రేషన్, బ్యాగులు తీసుకోవడం, కస్టమ్స్, మళ్ళీ బ్యాగులు ఇవ్వడం అన్నీ అక్కడే. నాలుగు గంటలు ఉంచుకోండి. డిసెంబరు, జనవరిల్లో ఎదురుగాలికి ఢిల్లీ పొగమంచు తోడవుతుంది, అప్పుడు రెండు టికెట్లూ ఒకే పీఎన్ఆర్ (బుకింగ్ నంబరు) మీద ఉంటేనే మేలు. విడివిడిగా కొంటే తప్పిపోయిన ఫ్లైట్ నష్టం మీదే.