డీవీడీ పెడితే ‘ఖాళీ డిస్క్’ అంటోంది, లోపలి ఫొటోలు తీయొచ్చా?

పాతఆల్బమ్: ఒక డీవీడీ-ఆర్ ఉంది. పెళ్లి ఫొటోలు, కొన్ని వీడియోలు అప్పట్లో రెండు మూడు విడతలుగా బర్న్ చేసినవి. ఇప్పుడు పెడితే కాసేపు గరగరా తిరిగి, ఖాళీ డిస్క్ అని చూపిస్తోంది. గీతలు పెద్దగా లేవు. ఇంకో కాపీ లేదు, టెన్షన్‌గా ఉంది. టూత్‌పేస్ట్ రుద్దితే పని చేస్తుందని ఎవరో అన్నారు, నిజమేనా?

బిట్‌బైరాగి: గీతలే లేనప్పుడు దేన్ని రుద్దుతారండీ? ఆ జోలికి వెళ్లకండి. మెత్తటి పొడిబట్టతో మధ్య నుంచి అంచు వైపు తిన్నగా తుడవండి, గుండ్రంగా మాత్రం తిప్పొద్దు. అడ్డంగా పడ్డ సన్న గీతని ఎర్రర్ కరెక్షన్ (చదవలేని డేటాని సరిచేసే ఏర్పాటు) సర్దుకుంటుంది, ట్రాక్ (డేటా గుండ్రంగా రాసి ఉండే దారి) వెంబడే సాగిన గీతతోనే చిక్కు. తర్వాత వేరే డ్రైవ్‌లో పెట్టి చూడండి, అది రైటర్ (డిస్కులు బర్న్ చేయగల డ్రైవ్) అయితే మరీ మంచిది. ఒక డ్రైవ్ ఖాళీ అన్న డిస్క్‌ని పక్క డ్రైవ్ హాయిగా చదవడం చాలాసార్లు చూశాను.

రంగుపొర: గీతలు లేకపోయినా పాడవుతాయి. మనం బర్న్ చేసుకునే ‘ఆర్’ డిస్కుల్లో డేటా అంటే రంగు పొర మీద లేజర్ కాల్చిన గుర్తులే. కంపెనీలో అచ్చు గుద్దిన సినిమా డిస్క్‌లాంటిది కాదు. ఎండ, వేడి తగిలితే ఆ రంగు చెడి, కాలిన చోటికీ కాలని చోటికీ తేడా తగ్గిపోతుంది. సీడీలో అయితే ఆ పొర లేబుల్ వైపు పల్చటి వార్నిష్ కిందే ఉంటుంది కాబట్టి పైవైపు గీతే ఎక్కువ ప్రమాదం. డీవీడీలో రెండు 0.6 మి.మీ. పలకల మధ్య ఉంటుంది. పైన స్టిక్కర్ అంటించి ఉంటే మాత్రం పీకకండి, సీడీ అయితే దాంతోపాటు మెరిసే పొర కూడా ఊడొస్తుంది.

సెషన్‌మాస్టర్: ‘రెండు మూడు విడతలు’ అన్నారుగా, నా అనుమానం అక్కడే. చివరి విడత సరిగా క్లోజ్ కాకపోతే (రాయడం ముగిసిందని డిస్క్ మీద నమోదు కాకపోతే) డేటా మొత్తం లోపలే ఉన్నా కంప్యూటర్‌కి కనిపించదు. ఐసోబస్టర్ అనే డిస్క్ రికవరీ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూడండి, ఒక్కో సెషన్‌ని (బర్న్ చేసిన విడతని) విడివిడిగా చూపిస్తుంది. చిన్న 8 సెం.మీ. డిస్కుల హ్యాండీక్యామ్‌లది కూడా ఇదే గొడవ. వాటిని తీసిన కెమెరాలోనే పెట్టి ఫైనలైజ్ చేస్తే (డిస్క్‌ని పూర్తిగా క్లోజ్ చేస్తే) సగం కేసులు అక్కడే తేలిపోతాయి. (ఆ చిన్న డిస్కుల్ని ట్రే లేకుండా లోపలికి లాక్కునే డ్రైవుల్లో పెట్టకండి, ఇరుక్కుంటాయి.)

పాతఆల్బమ్: తమ్ముడి దగ్గరున్న పాత ఎక్స్‌టర్నల్ రైటర్‌లో పెడితే ఫోల్డర్లు కనిపించాయి! కాపీ కొడితే మాత్రం కొంతదూరం వెళ్లి ఆగిపోతోంది, ఎక్స్‌ప్లోరర్ కూడా హ్యాంగ్ అవుతోంది.

బిట్‌బైరాగి: కాపీ ఆపేయండి. ముందు మొత్తం డిస్క్‌ని ఇమేజ్‌గా (డిస్క్ అంతటికీ ఒకే ఫైల్‌లో నకలు) తీసుకోండి. లినక్స్‌లో దానికి డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్ ఉంది. సెక్టర్ (డిస్క్ మీద ఒక్కో డేటా ముక్క) సైజు 2048 బైట్లు అని ఇవ్వండి, మ్యాప్ ఫైల్ పెట్టడం మర్చిపోవద్దు. మొదటిసారి నడిచినప్పుడు చదవగలిగినవన్నీ తీసుకుని, మొండికేసిన చోట్లని వదిలేసి ముందుకెళ్తుంది. ఆ వదిలేసినవి ఏవో మ్యాప్‌లో రాసి ఉంటాయి. తర్వాత అదే ఇమేజ్, అదే మ్యాప్‌తో ఇంకో డ్రైవ్ మీద నడిపితే మిగిలిన చోట్లని మాత్రమే మళ్లీ అడుగుతుంది. ఒక డ్రైవ్ వదిలేసింది ఇంకోటి పట్టుకుంటుంది, అసలు లాభం అదే.

నిదానం: ఇంత తతంగం దేనికి? కావాల్సిన ఫొటోలు నాలుగు కాపీ చేసుకుంటే పోయేదానికి.

బిట్‌బైరాగి: నాలుగు ఫొటోలే అయితే మీ మాట నిజమే. ఇక్కడ మొత్తం కావాలి. పైగా ఫైల్ ఫైల్‌కీ తిప్పుతుంటే డ్రైవ్ పాడైన చోటే పదేపదే తల బాదుకుంటుంది.

పాతఆల్బమ్: రాత్రంతా నడిపాను. లోపలి భాగమంతా వచ్చింది, బయటి అంచు దగ్గరే చాలా పోయింది. ఫొటోలు దాదాపు అన్నీ తెరుచుకుంటున్నాయి. కొన్ని సగం వరకే ఉండి కింద బూడిద రంగు. ఒక ఏవీఐ వీడియో అసలు ప్లే కావడం లేదు.

రంగుపొర: డీవీడీ లోపలి నుంచి బయటికి రాస్తుంది, దెబ్బ ఎక్కువగా అంచునే తగులుతుంది. బూడిద రంగు చోట సెక్టర్లు నిజంగానే రాలేదు, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాటిని తెచ్చిపెట్టలేదు. మిగిలిన డ్రైవ్‌లు ఏవైనా దొరికితే అదే మ్యాప్‌తో మళ్లీ ప్రయత్నించండి.

సెషన్‌మాస్టర్: ఏవీఐ ఇండెక్స్ (వీడియోలో ఏ భాగం ఎక్కడుందో చెప్పే పట్టిక) ఫైల్ చివర ఉంటుంది, అది పోయినట్టుంది. వీఎల్‌సీ ప్లేయర్‌లో తెరిస్తే ఇండెక్స్ బాగుచేయమంటారా అని అడుగుతుంది, సరే అనండి. బొమ్మ మధ్యమధ్యలో చెదిరినా ఆడుతుంది. ఫోల్డర్ లిస్టులో లేని ఫొటోల కోసం ఇమేజ్ మీదే ఫొటోరెక్ (పోయిన ఫైళ్లని వెతికి తీసే సాఫ్ట్‌వేర్) నడపండి, పేర్లు రావు గానీ ఫైళ్లు వస్తాయి.

పాతఆల్బమ్: వీడియో ఆడింది! మధ్యలో రెండు చోట్ల చెదిరింది, మిగతాదంతా బాగుంది. ఫొటోరెక్ ఇంకా నడుస్తోంది.