బడి నాటికలో మంత్రగత్తె పాత్ర ఉండొచ్చా?

పరకాల టీచర్

అందరికీ నమస్కారం. పరకాల వైపు ఒక ఊళ్లో తెలుగు చెబుతాను. వచ్చే నెల మా బడి వార్షికోత్సవం. ఎనిమిదో తరగతి పిల్లలు సొంతంగా ఒక నాటిక రాసుకొచ్చారు. ఊళ్లో పిల్లలకు వరసగా జ్వరాలొస్తాయి. ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలామె మంత్రాలు చేస్తోందని తెలుస్తుంది. హీరో ఆమెను పట్టిస్తాడు, జ్వరాలు తగ్గిపోతాయి. ఆమె జుట్టు విరబోసుకుని, చేతిలో నిమ్మకాయలు పట్టుకుని నవ్వే సీనుకు రిహార్సల్‌లో అందరూ చప్పట్లు కొట్టారు.

నాకు చేతులు రాలేదు. ముప్పై ఏళ్ల కింద మా మేనత్తను ఊళ్లో ఇదే మాట అన్నారు. పక్కింటివాళ్ల బర్రె చచ్చిపోయింది. నెల తిరక్కుండా వాళ్ల పిల్లవాడికి ఫిట్స్ వచ్చాయి. అంజనం వేసేవాడి దగ్గరికి పోయారు. వాడు పేరు చెప్పలేదు. "మీ ఇంటికి తూర్పు దిక్కు, దగ్గరి మనిషే, ఒంటరిది" అన్నాడట. పేరు పెట్టుకున్నది ఇంటివాళ్లే. మేనత్తకూ వాళ్లకూ అప్పటికే నాలుగేళ్లుగా గెట్టు పంచాయతీ నడుస్తోంది. ఒక రాత్రి మా నాయన పోయి ఆమెను తీసుకొచ్చాడు. ఎకరం పావు భూమి, ఇల్లు వదిలేసి వచ్చిన మనిషి మళ్లీ ఆ ఊరి పొలిమేర తొక్కలేదు.

స్టాఫ్ రూంలో చెబితే, "కథే కదా మేడం, సినిమాల్లో లేదా?" అన్నారు. పిల్లల ఉత్సాహం చంపడం నాకూ ఇష్టం లేదు. ఆ పాత్ర తీసేయమనడం తప్పా? మీరేమంటారు?

కాజీపేట జంక్షన్

మేడం, మీ మేనత్తకు జరిగింది ఘోరం. కానీ నాటిక ఆపొద్దు. 1951లో వచ్చిన పాతాళ భైరవిలో ఎస్వీ రంగారావు గారి నేపాళ మాంత్రికుణ్ణి మూడు తరాలు చూశాయి. చందమామలో మాంత్రికులు లేని నెల ఉందా? అవి చదివి ఎవరూ పక్కింటివాళ్ల మీదికి కర్రతో పోలేదు. పిల్లలకు కథలో భయం కావాలి. భయం తీసేస్తే మిగిలేది పాఠమే, అది వాళ్లకు పొద్దంతా ఉంటుంది. ఇంకొకటి, "మంత్రాలకు చింతకాయలు రాలుతాయా" అన్న సామెత కూడా మనదే. మన జనానికి కథ ఏదో, నిజం ఏదో తెలుసు.

మానేరు తీరం

కాజీపేట అన్నా, సామెత దగ్గర మీతో ఒప్పుకుంటాను, మిగతా దానికి ఒప్పుకోలేను. మాది కరీంనగర్.

కథల్లో మాంత్రికుడు ఎట్లుంటాడు? వాడికి గుహ ఉంటుంది, విద్య ఉంటుంది, రాజకుమారిని ఎత్తుకుపోయే బలం ఉంటుంది. వాణ్ణి ఎదిరించడమే సాహసం. మన ఊళ్లలో ఆ నింద ఎవరి మీద పడుతుంది? మొగుడు చచ్చిపోయిన ఆమె మీద, పిల్లలు లేని ముసలివాళ్ల మీద, ఊరి కట్టుబాటుకు దూరంగా ఉండేవాడి మీద. ఆడవాళ్లే కాదు, మా వైపు మగవాళ్లూ బలైపోయారు. 2022 జనవరిలో జగిత్యాలలో కులసంఘం సమావేశంలోనే, మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో ఒక తండ్రిని, ఇద్దరు కొడుకులను చంపేశారు. అది ఏ గుట్టల్లోనో జరగలేదు. ఊరు నిండా సెల్‌ఫోన్లు ఉన్న పట్టణంలో జరిగింది.

బాణామతి చేస్తున్నారని పట్టుకున్నవాళ్ల పళ్లు పీకడం మన పెద్దలకు తెలుసు. పళ్లు లేకపోతే మంత్రం సరిగ్గా పలకదట. ఈ ఒక్క సంగతి ఆలోచించండి. నిజంగా మంత్రంతో మనిషిని చంపగలిగినవాడైతే, పటకారుతో నోట్లో చెయ్యి పెట్టేవాణ్ణి ఊరుకుంటాడా? కొట్టేవాళ్లకు కూడా లోపల ఎక్కడో తెలుసు, ఆ మనిషి చేతిలో ఏమీ లేదని. తెలుసు కాబట్టే అంత ధైర్యంగా మీద పడతారు.

అందుకే నా లెక్కలో మంత్రగత్తె అంటే ఏదో చేసే మనిషి కాదు. నలుగురు కలిసి ఒకరి మీద వేసే పేరు. పాత సినిమాల్లో మాంత్రికుడు దూరపు దేశం నుంచి వచ్చేవాడు. ఇప్పటి హారర్ సినిమాల్లో మన ఊరు లాంటి ఊరే చూపిస్తున్నారు, మన బొడ్రాయి, మన వేపచెట్టు. చివరికి అనుమానం నిజమేనని తేలుస్తున్నారు. టీచర్ గారి పిల్లలు రాసిన కథలో కూడా ముసలామెను పట్టించగానే జ్వరాలు తగ్గాయి. నా అభ్యంతరం అక్కడే. పాత్ర ఉండనీయండి, ఆ ముగింపు మాత్రం వద్దు.

ఓరుగల్లు అమ్మాయి

నేను వరంగల్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నా. మీరంతా ఆ మాటను తిట్టుగానే చూస్తున్నారు. వేరే దేశాల్లో చాలామంది ఆడవాళ్లు ఆ పేరు తమంతట తామే పెట్టుకుంటున్నారు. ఇంగ్లండ్‌లో మంత్రవిద్య మీద ఉన్న పాత చట్టాన్ని 1951లో రద్దు చేశాక, జెరాల్డ్ గార్డనర్ లాంటివాళ్లు దాన్ని ఒక మతంగానే బయటికి తెచ్చారు. మూలికలు తెలిసిన ఆడవాళ్లు, పురుళ్లు పోసేవాళ్లు, ఎవరికీ తల వంచనివాళ్లు, వీళ్లనే చర్చి తొంభై లక్షల మందిని కాల్చిందని చదివాను. మన భాషలో కూడా పురుడు పోసే ఆమెను మంత్రసాని అంటాం కదా. మరి ఆ పాత్రను తీసేయడం ఎందుకు? ఆమెను బలమైన మనిషిగా చూపించవచ్చు కదా?

హన్మకొండ హిస్టరీ

అమ్మా, మంత్రసాని మాట బాగా పట్టుకున్నావు. కానీ మిగతా రెండు సంగతులు సరిచేయాలి. ఇరవై ఏళ్లకు పైగా డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పాను కాబట్టి ఊరుకోలేకపోతున్నాను.

తొంభై లక్షలు అన్నది పద్దెనిమిదో శతాబ్దంలో ఒక జర్మన్ రచయిత చిన్న ఊరి లెక్కను పట్టుకుని యూరప్ మొత్తానికి హెచ్చవేసి తెచ్చిన అంకె. కోర్టు కాగితాలు చూసిన చరిత్రకారులు సుమారు 1450 నుంచి 1750 వరకు నలభై నుంచి అరవై వేల మందిని చంపి ఉంటారని అంటున్నారు. అదీ తక్కువేమీ కాదు. వాళ్లలో నాలుగింట మూడు వంతులు ఆడవాళ్లు. అయితే ఐస్‌లాండ్‌లో చంపినవాళ్లు దాదాపు అందరూ మగవాళ్లే. శిక్షలు ఎక్కువగా వేసింది చర్చి కోర్టులు కాదు, ఊళ్లలో ఉండే మామూలు కోర్టులు. ఫిర్యాదు చేసింది ఇరుగుపొరుగువాళ్లు. మంత్రసానుల మీద పెద్దగా కేసులు పడలేదు. అనుమానించిన ఆడవాళ్ల ఒంటి మీద మచ్చలు వెతకడానికి మంత్రసానులనే పిలిచేవాళ్లు.

అమెరికాలో సేలం అనే ఊరి సంగతి మాత్రం కొంచెం వివరంగా చెబుతాను. 1692 మొదట్లో అక్కడి పాస్టర్ ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు గిలగిలా కొట్టుకోవడం మొదలుపెట్టారు. వైద్యుడికి జబ్బు తెలియలేదు, చెడుగాలి అన్నాడు. పిల్లలను "ఎవరు చేశారు, ఎవరు చేశారు" అని అడిగారు. మొదట పేర్లు వచ్చింది ముగ్గురివి. ఇంట్లో పనిచేసే బానిస ఆడమనిషి, ఇల్లిల్లూ తిరిగి అడుక్కునే ఆమె, ఆస్తి తగాదాలో ఉన్న మరొకామె. టీచర్ గారూ, మీ మేనత్త సంగతి చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది వీళ్లే. ఆ సంవత్సరంలో పంతొమ్మిది మందిని ఉరి తీశారు. ఎనభై ఏళ్ల ముసలాయన కోర్టులో నోరు విప్పనన్నందుకు ఆయన మీద బండలు పేర్చి చంపారు. "అవును, నేను మంత్రగత్తెనే" అని ఒప్పుకున్నవాళ్లను ఉరి తీయలేదు. ఉరి ఎక్కినవాళ్లంతా కాదన్నవాళ్లే. అబద్ధం చెప్పి బతకడమా, నిజం చెప్పి చావడమా అని ఒక ఊరు ఊరంతటినీ నిలబెట్టింది ఆ కోర్టు. ఐదేళ్ల తర్వాత ఒక న్యాయమూర్తి చర్చిలో అందరి ముందు నిలబడి తప్పు ఒప్పుకున్నాడు. 1711లో కుటుంబాలకు పరిహారం ఇచ్చారు.

నీ తరం ఆ పేరును బలంగా ధరించాలనుకోవడం నాకు అర్థమవుతుంది. కానీ అది ధరించగలిగేది ఆ పేరుతో చంపడం ఆగిపోయి రెండు వందల ఏళ్లు దాటిన చోట. మన దగ్గర ఆ మాట ఇంకా చల్లారలేదు.

ఐనవోలు

నేను ఇక్కడ చదివేవాణ్ణే కానీ రాసేవాణ్ణి కాదు. ఇప్పుడు రాయాలనిపించింది. మీరు మాట్లాడుతుంటే మా నమ్మకాలన్నీ ఒకే గాటన కడతారేమో అని భయంగా ఉంది. మా ఇంట్లో దిష్టి తీస్తారు, పోచమ్మకు బోనం పెడతారు, మేడారం పోతాం. మల్లన్న జాతరలో శివసత్తులు ఊగుతుంటే దండం పెడతాం. పూనకం వచ్చిన అమ్మను మంత్రగత్తె అంటే ఊరుకోం.

మా అక్కకు పెండ్లయిన కొత్తలో రాత్రిపూట అరిచేది, పళ్లు గిట్టకరిచేది. ఆస్పత్రుల్లో చూపించాం. తర్వాత కొండగట్టు తీసుకుపోయి నలభై రోజులు ఉన్నాం. తగ్గింది. ఎవరో మందు పెట్టారని అమ్మ ఇప్పటికీ అంటుంది. ఎవరి పేరూ చెప్పదు. నేను మాత్రం ఏదో ఉందనే నమ్ముతా. నమ్మినంత మాత్రాన ఎవరినీ కొట్టలేదు.

రాత్రి డ్యూటీ

ఐనవోలు అన్నా, మీ అక్కకు తగ్గినందుకు సంతోషం. నేను స్టాఫ్ నర్సును. ఆంజనేయస్వామి దగ్గర కూర్చుంటే మనసు కుదుటపడుతుంది, కొత్త కాపురం టెన్షన్ నుంచి నలభై రోజులు దూరంగా ఉండటం కూడా చిన్న సంగతి కాదు. నా దగ్గరికి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే, గుడికి పొండి, మాత్రలు మాత్రం ఆపకండి.

మా వార్డుకు ఆలస్యంగా వచ్చేవాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. పిల్లకు ఫిట్స్ వస్తే మూడు నెలలు తాయెత్తులు కట్టించి, మందు కక్కించి అప్పుడు తెస్తారు. మందు కక్కించడం అంటే వాంతికి పసరు తాగించి, బయటపడిన దాంట్లో వెంట్రుకల ఉండ చూపించడం. ఆ ఉండ కక్కించేవాడి చేతిలోంచే వస్తుంది. తర్వాత ఇంటివాళ్లు అడిగే ప్రశ్న ఎప్పుడూ "ఎందుకు వచ్చింది" అని ఉండదు, "ఎవరు చేశారు" అని ఉంటుంది. జబ్బు పేరు చెప్పేవాళ్లు ఊళ్లో లేనప్పుడు మనిషి పేరు చెప్పేవాడు దొరుకుతాడు.

మీ అమ్మ ఎవరి పేరూ చెప్పలేదన్నారు చూడండి, ఆమె గొప్పతనం అది.

కోర్టు చౌరస్తా

చట్టం గురించి కొద్దిగా. బీహార్ 1999లో, జార్ఖండ్ 2001లో, ఛత్తీస్‌గఢ్ 2005లో దీనికోసమే ప్రత్యేకంగా చట్టాలు తెచ్చాయి. మన పక్కనే ఉన్న మహారాష్ట్ర 2013లో తెచ్చింది, మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దభోల్కర్ హత్య జరిగాక. కర్ణాటక 2017లో తెచ్చింది. మన రాష్ట్రంలో అలాంటిది లేదు. హత్య జరిగాక కేసు పెట్టడానికి మామూలు చట్టం సరిపోతుంది. కానీ ఛత్తీస్‌గఢ్‌లో ఒకరిని టోనహి, అంటే మంత్రగత్తె అని పేరు పెట్టడమే నేరం, మూడేళ్ల దాకా జైలు. టీచర్ గారి మేనత్త ఇల్లు వదిలిన రోజున మన దగ్గర అలాంటి సెక్షన్ ఉంటే, అంజనం వేసినవాణ్ణీ పేరు పెట్టినవాళ్లనూ స్టేషన్‌కు పిలవగలిగేవాళ్లు. చట్టం ఒక్కటే చాలదని నాకూ తెలుసు. అయినా కావాలి.

కాజీపేట జంక్షన్

మానేరు అన్నా, పళ్ల సంగతి చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. కథలో భయం ఉండాలన్న మాట మీద ఇప్పటికీ నిలబడతా. కానీ ఎవరికి ఎవరిని చూసి భయం అన్నది తిప్పి రాయొచ్చని ఇప్పుడు అనిపిస్తోంది. రాత్రిపూట తలుపు కొడుతున్న ఊరివాళ్లను చూసి ముసలామె భయపడే సీను పెడితే, నిమ్మకాయల సీను కంటే పదింతలు భయంగా ఉంటుంది మేడం.

ఓరుగల్లు అమ్మాయి

సార్, తొంభై లక్షల సంగతి నేను సరిచూసుకోకుండా రాశాను, ఒప్పుకుంటున్నా. కానీ ఒకటి మాత్రం వదలను. ముసలామెను ఉత్త బాధితురాలిగా, మూల కూర్చుని ఏడ్చే మనిషిగా మాత్రం చూపించకండి. జార్ఖండ్‌లో ఛుట్నీ దేవిని మంత్రగత్తె అని ఊరి నుంచి తరిమేశారు. ఆమె తనలాంటి ఎందరో ఆడవాళ్లకు అండగా నిలబడింది. 2021లో పద్మశ్రీ ఇచ్చారు. అలాంటి మనిషి నాటికలో కనిపించాలి.

పరకాల టీచర్

అందరికీ థ్యాంక్స్. మీరు రాసినవన్నీ పిల్లలకు చదివి వినిపించాను, జగిత్యాల సంగతి తప్ప. వాళ్లకు అది ఇంకా బరువని ఆపాను. సేలం గురించి చెప్పినప్పుడు క్లాసు నిశ్శబ్దంగా అయిపోయింది. ఒకమ్మాయి, "ఒప్పుకుంటే వదిలేశారు కదా మేడం, మరి ఎందుకు ఒప్పుకోలేదు?" అని అడిగింది. నేను జవాబు చెప్పేలోపే వెనక బెంచీ పిల్లవాడు, "ఒప్పుకుంటే ఇంకొకరి పేరు చెప్పమంటారు కదా" అన్నాడు.

ఐనవోలు అన్నా, బోనం, దిష్టి జోలికి పోవడం లేదు. మా నాటికలో ముసలామె ఇంట్లో కూడా పోచమ్మ పటం ఉంటుంది.

మార్చిన కథ ఇది. జ్వరాలు వస్తాయి. అంజనం వేసేవాడు తూర్పు దిక్కు చూపిస్తాడు. గెట్టు తగాదా ఉన్న ఇంటివాళ్లు పేరు పెడతారు. రాత్రి తలుపు కొట్టే సీను కాజీపేట అన్న చెప్పినట్టే వచ్చింది. జ్వరాలకు కారణం ట్యాంకు పక్కన నిలిచిన నీళ్లూ దోమలూ అని ఆశా కార్యకర్త చెబుతుంది. చిక్కు ఒక్కచోట మిగిలింది. తలుపు తెరిచాక ముసలామె ఊరివాళ్లతో ఒక మాట అనాలి. పిల్లలు ఆమెకు మొదట ఒక్క డైలాగు కూడా రాయలేదు. ఇప్పుడు రాస్తున్నారు, కొట్టేస్తున్నారు. రెండు రోజులుగా అక్కడే ఆగాం.

నిన్న సాయంత్రం మేనత్తకు ఫోన్ చేసి అడిగాను, ఆ రోజు నువ్వు ఏమన్నావు అని. "ఏమీ అనలేదు బిడ్డా, బర్రెకు నీళ్లు పెట్టిర్రా అని అడిగిన" అంది. ఆ బర్రె పక్కింటివాళ్లది కాదు, ఆమెది. ఆ రాత్రి కట్టుకొయ్యకే వదిలేసి వచ్చింది.