సెఫ్ క్లస్టర్లో ఒక డిస్క్ పోయేలా ఉంది, ఈ రాత్రి అవుట్ కొట్టేయనా?

చెరువుగట్టు (భీమవరం):
నమస్తే అండి. మా ఆఫీసులో ప్రాక్స్‌మాక్స్ (వర్చువల్ మెషీన్లు నడిపే సాఫ్ట్‌వేర్) మీద సెఫ్ (చాలా సర్వర్ల డిస్కుల్ని కలిపి ఒకే స్టోరేజీగా వాడే సాఫ్ట్‌వేర్) నడుస్తోంది. మూడు సర్వర్లు, ఒక్కోదాంట్లో నాలుగేసి 4 టీబీ హార్డ్ డిస్కులు, ప్రతి డేటాకీ మూడు కాపీలు. రొయ్యల ప్లాంట్ కెమెరాల రికార్డింగులు, ఎక్స్‌పోర్ట్ కాగితాల స్కాన్లు, బిల్లింగ్ అన్నీ అందులోనే. రెండో సర్వర్లో ఓఎస్‌డీ 7 (సెఫ్‌లో ఒక్కో డిస్కుకీ ఇలా నంబరు ఉంటుంది) వారం నుంచి మూలుగుతోంది, పెండింగ్ సెక్టార్లు (సరిగ్గా చదవలేకపోతున్న చోట్లు) మొన్న 8 ఉంటే ఇవాళ 56. క్లస్టర్ 70 శాతం నిండి ఉంది. కొత్త డిస్క్ విజయవాడ నుంచి వచ్చేసి బల్ల మీదే ఉంది. నెట్‌లో ఎక్కడ చూసినా ముందు పాతదాన్ని అవుట్ చెయ్ (డేటా పెట్టే లెక్కలోంచి తీసెయ్), డేటా మిగతావాటికి సర్దుకున్నాక పీకెయ్ అంటున్నారు. ఇంకా పదకొండు డిస్కులున్నాయి కదా, సర్దుకుంటుందిలే అనుకుంటున్నా. చూసుకునేది నేనొక్కణ్ణే, కొంచెం టెన్షన్‌గా ఉంది.

లాకులసావిడి:
ఆగండాగండి. పదకొండింటికి కాదు, మూడింటికే సర్దుకోవాలి. మీవి మూడు సర్వర్లు, మూడు కాపీలు, డిఫాల్ట్ రూల్ ప్రకారం సర్వర్‌కొక కాపీ. అంటే 7లో ఉన్న డేటా పక్క సర్వర్లకి పోలేదు, అక్కడ దాని కాపీ ఇప్పటికే ఉంది. ధవళేశ్వరం దగ్గర మూడు డెల్టాలకీ కాలవలు వేరు కదండీ, పశ్చిమ డెల్టాలో ఒక బ్రాంచి కాలవ కట్టేస్తే ఆ నీళ్లు అక్కడి మిగతా కాలవల మీదే పడతాయి గానీ కోనసీమకి రావు, ఇదీ అంతే. నాలుగు డిస్కుల 70 శాతం మూడింటి మీద పడితే 93 దాటుతుంది. 90 దగ్గర బ్యాక్‌ఫిల్ (కాపీల్ని కొత్త చోట నింపడం) ఆగిపోతుంది, ఏ ఒక్క డిస్కయినా 95 తాకిందా మొత్తం రాతలే బంద్. పొద్దున్నే బిల్లింగ్ వాళ్లు మీ కుర్చీ చుట్టూ ఉంటారు.

ఇంకోటి, అవుట్ మీరు కొట్టకపోయినా డిస్క్ డౌన్ అయిన పది నిమిషాలకి సెఫే దాన్ని అవుట్ చేసేస్తుంది. అలా చేయకుండా ఆపే నోఅవుట్ ఫ్లాగ్ ఇప్పుడే పెట్టేయండి.

రేవుమెట్టు:
పై ఆయన చెప్పింది రైటు. మరి ఎలా మార్చాలి? ఆ సర్వర్లో ఖాళీ బే (డిస్క్ పెట్టే అర) ఉందా లేదా, అంతా దాని మీదే ఉంది. లేకపోతే నోఅవుట్ పెట్టి, 7ని ఆపి, పర్జ్ (నంబరుతో సహా తీసేయడం) కాకుండా డెస్ట్రాయ్ చేసి (నంబరు అలాగే ఉంటుంది), కొత్త డిస్క్‌ని అదే నంబరుతో ఎక్కించాలి. నింపాల్సింది సుమారు 2.8 టీబీ. గిగాబిట్ నెట్‌వర్క్ అయితే సెకనుకి 110 ఎంబీ వచ్చినా ఏడు గంటలు, అంత స్పీడు ఎప్పుడూ రాదు కాబట్టి రాత్రంతా అనుకోండి. అంతసేపూ ఆ డేటా రెండే కాపీల మీద ఉంటుంది, అప్పుడే పక్క సర్వర్లో ఇంకో డిస్క్ పోతే మిన్‌సైజ్ (పని నడవాలంటే కనీసం ఉండాల్సిన కాపీలు) 2 కాబట్టి రెంటికీ ఉమ్మడిగా ఉన్న పీజీలు (సెఫ్ డేటాని విడగొట్టి పెట్టే గుంపులు) ఆగిపోతాయి. అందుకే పాత డిస్క్‌ని వెంటనే తుడిచేయకండి, ఎన్‌క్రిప్షన్ లేకపోతే అందులోంచి పీజీలు బయటికి లాగే దారి ఇంకా ఉంటుంది.

బే ఉంటే ఈ గొడవే లేదు. కొత్తది పెట్టి, 7 క్రష్ వెయిట్ (ఆ డిస్కుకి ఎంత డేటా వెళ్లాలన్న వాటా) 0 చేయండి. పాతది బతికి ఉండగానే డేటా కొత్తదాంట్లోకి పోతుంది, మూడు కాపీలూ చెదరవు. అవుట్ కొట్టినా పని అవుతుంది గానీ తర్వాత తీసేసేటప్పుడు మళ్లీ కొంత డేటా అటూ ఇటూ కదులుతుంది.

కొబ్బరితోట (అమలాపురం):
ఒక్క మాట బాబూ, పీకేముందు సీరియల్ నంబరు చూసుకో. నేను ఓసారి ట్రే మీద పెన్సిల్‌తో రాసిన 7 చూసి లాగేశా. అది పాత అడ్మిన్ ఎప్పుడో వేసుకున్న స్లాట్ నంబరు, ఓఎస్‌డీ నంబరు కాదు! బాగున్న డిస్క్ చేతిలో ఉంది, పోయేది లోపల తిరుగుతోంది. వెంటనే తోసేస్తే నిమిషంలో లేచింది గానీ ఆ నిమిషం నాకు తెలుసు. స్మార్ట్‌లో (డిస్క్ తన ఆరోగ్యం తనే చెప్పే రిపోర్టు) వచ్చే సీరియల్, డిస్క్ అంచున స్టిక్కర్ మీది సీరియల్, రెండూ పైకి చదువుకుని కలిస్తేనే ముట్టుకో.

చెరువుగట్టు:
ఆయ్, అందరికీ దండాలండి. సర్వర్ ముందు మూత తీస్తే కింద వరసలో రెండు బేలు ఖాళీ! ఉత్త ప్లాస్టిక్ ట్రేలు, ఒకదాంట్లో బల్లి గుడ్డు పెంకులు. ఇన్నాళ్లూ నాలుగే అనుకున్నా. కొత్తది పెట్టి 7 వెయిట్ 0 చేశా. మధ్యాహ్నం రెండున్నరకి మొదలైంది. మధ్యలో కరెంటు పోయింది, అందరూ ఒకేసారి ఏరేటర్లు వేస్తే మా వైపు ఇంతే, యూపీఎస్ కాపాడింది. పొద్దున్న ఆరింటికి పీజీలన్నీ యాక్టివ్ ప్లస్ క్లీన్ (అన్ని కాపీలూ సరిగ్గా ఉన్నట్టు), సేఫ్ టు డెస్ట్రాయ్ (తీసేసినా డేటాకి ఏం కాదు కదా అని) అడిగితే సరేనంది. 7ని ఆపి పర్జ్ చేసి, సీరియల్ పైకి చదివి మరీ పీకానండి, వాచ్‌మన్ వింతగా చూశాడు. నోఅవుట్ తీయడం మర్చిపోయా, ఇది రాస్తుంటే గుర్తొచ్చింది, ఇప్పుడే తీసేశా.