ఆర్1 చూసి కాంక్రీట్ పోశాం, ఆర్2 వాట్సాప్‌లోనే ఉండిపోయింది

గుంటూరు సైట్ ఇంజనీర్:
గుంటూరు దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజ్ సైట్ మాది. శనివారం రెండో ఛాంబర్ బీములు పోశాం. అమోనియా పైపుల కోసం నాలుగు చోట్ల 150 ఎంఎం స్లీవులు (పైపు దూరడానికి కాంక్రీట్‌లో వదిలే గొట్టాలు) పెట్టాం. సోమవారం రిఫ్రిజరేషన్ వాళ్లు టేపు పట్టి చూస్తే నాలుగూ 600 ఎంఎం పక్కకున్నాయి. కూలింగ్ యూనిట్లు జరిపారట. ఆర్2 డ్రాయింగ్, అంటే రెండోసారి మార్చింది, పదకొండు రోజుల కిందటే గ్రూపులో పెట్టాం కదా అంటున్నారు. నిజమే, పెట్టారు. దాని కింద ఓనర్ గారింటి గృహప్రవేశం ఫోటోలు డెబ్భై పడ్డాయి. సెంట్రింగ్ మేస్త్రి దగ్గరున్నది పాత ఆర్1, షెడ్డు గోడకి అన్నం మెతుకులతో అంటించుకున్నాడు.

"కోర్ కొట్టించేయ్, ఒక్క పూట పని" అంటున్నారు ఓనర్, అంటే గట్టిపడ్డ బీముని మిషన్‌తో తొలిచి కొత్త బెజ్జాలు పెట్టమని. కొట్టించమంటారా? మారిన డ్రాయింగులతో మీరెలా వేగుతున్నారు? పెద్ద కంపెనీల ఫారాలు వద్దండీ, ఇక్కడ ఇంజనీర్ని నేనొక్కణ్ణే.

రిటైర్డ్ ఏఈ, విజయవాడ:
తమ్ముడూ, ముందు ఆ కోర్ మిషన్ వెనక్కి పంపు. స్ట్రక్చరల్ ఇంజనీర్ చూడకుండా బీముకి బెజ్జం పెట్టకు. ముందే స్లీవు పెడితే చుట్టూ అదనపు రాడ్ కట్టుకుంటాం. గట్టిపడ్డాక తొలిస్తే ఆ రాడ్ ఉండదు సరికదా, ఉన్న రింగులు తెగుతాయి. స్తంభం దగ్గరైతే షియర్ (బీముని అడ్డంగా కోసే బలం) కూడా ఎక్కువ.

1981లో అమెరికాలో కాన్సస్ సిటీ హోటల్లో, ఒకదాని కింద ఒకటి వేలాడే రెండు నడక వంతెనలకి డిజైన్లో ఒకే పొడవాటి రాడ్ ఉండేది. మర పట్టడం, బిగించడం కష్టమని దాన్ని రెండు ముక్కలు చేశారు. చూపుకి తేడా లేదు. కానీ కింది వంతెన బరువూ పై వంతెన బీముకే తగిలి, అక్కడి నట్టు మీద భారం రెట్టింపైంది. ఎవరూ లెక్క మళ్లీ కట్టలేదు. వంతెనలు కూలి 114 మంది పోయారు. నీ బీము అంతటిది కాదులే. అయినా "ఒక్క పూట పని" అంటే నాకు అదే గుర్తొస్తుంది.

పద్ధతికి ఒక లాంగ్ నోట్‌బుక్ చాలు. మార్పు ఎవరడిగారు, ఎందుకు, దాంతో ఇంకేం కదులుతాయి, ఎవరు ఒప్పుకున్నారు, ఖర్చు ఎవరిది. నువ్వు తప్పింది మూడో దగ్గర. యూనిట్ జరిగితే పైపుతో పాటు డ్రెయిన్ లైను, కేబులు, ఇన్సులేషన్ కూడా జరుగుతాయి. అవి చూశావా? ఇక కొత్త కాగితం మేస్త్రికి ఇచ్చే రోజే పాతది లాక్కో. నేనైతే ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత కొట్టి, కొత్తది అందినట్టు సంతకం పెట్టించుకునేవాణ్ణి.

పైపింగ్ పని, ఆటోనగర్:
తప్పు మా వైపూ ఉంది బ్రదర్. మేం షీటంతా పంపేస్తాం, ఏం మారిందో చెప్పం. మారిన చోట క్లౌడ్ (చుట్టూ మబ్బులాంటి గీత) గీయకపోతే డ్రాయింగ్ తీసుకోనని చెప్పండి. పోసే ముందురోజు మా మనిషిని పిలిచి స్లీవులు చూపించినా ఇది అక్కడే దొరికేది.

గుంటూరు సైట్ ఇంజనీర్:
స్ట్రక్చరల్ సార్ బెజవాడ నుంచి వచ్చి చూశారండీ. రెండు చోట్ల వద్దే వద్దన్నారు, స్తంభానికి మరీ దగ్గరట. నాలుగు లైన్లూ బీము కిందుగా తిప్పుతున్నాం. ఎల్బోలకి, ఇన్సులేషన్‌కి అదనంగా అడుగుతున్నారు. ఏఈ గారూ, డ్రెయిన్ మీరన్నట్టే తేడా వచ్చింది, ఫ్లోరింగ్ ఇంకా వేయలేదు కాబట్టి బతికిపోయాం.

నోట్‌బుక్ కొన్నాను. మేస్త్రి ఆర్1 చింపి ఇచ్చాడు, సగం గోడకే ఉంది. ఓనర్ మాత్రం "నోటితో చెప్తే చాలదా, సంతకమెందుకు" అంటున్నారు. ఆయన్ని ఎలా దారికి తేవాలో కూడా చెప్పండి.