ఆమ్నీ నంబరు మీద ఇంట్లో కట్టిన కారు: రోడ్డెక్కించొచ్చా, కూడదా?

పర్లాకిమిడి షెడ్డు:

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇంటి వెనక రేకుల షెడ్డులో కారు కడుతున్నాను. 1957లో ఇంగ్లండులో వచ్చిన లోటస్ సెవెన్ ఆకారం. పొడుగాటి ముక్కు, రెండు సీట్లు, ముందు చక్రాలు బాడీ బయట. ఇంట్లో బిగించుకునే విడి భాగాల సెట్టు, అంటే కిట్, విదేశాల నుంచి తెప్పించే స్తోమత లేదు కాబట్టి ఫ్రేము నేనే చేశాను, 25 మి.మీ. స్క్వేర్ పైపుతో. ఇంజను, గేర్‌బాక్సు, వెనక యాక్సిల్, స్టీరింగ్ ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలను మళ్లించే పళ్ల కడ్డీ) అన్నీ ఒక పాత మారుతి ఆమ్నీవి. ఆమ్నీయే ఎందుకంటే, మారుతి 800లో అదే 796 సీసీ ఇంజను అడ్డంగా కూర్చుని ముందు చక్రాలను తిప్పుతుంది. ఆమ్నీలో నిలువుగా ఉండి, ప్రొపెల్లర్ షాఫ్టు అనే పొడుగాటి తిరిగే గొట్టం ద్వారా వెనక చక్రాలను తిప్పుతుంది. సెవెన్ ఆకారానికి కావలసింది అదే.

ఇప్పుడు నా సందేహం. ఆమ్నీ ఆర్‌సీ రెన్యువల్ చేయించి రెండేళ్లయింది, ఇంకా మూడేళ్లు ఉంది. మా మేనమామ అంటారు కదా, "ఆ నంబరు ప్లేటే దీనికి బిగించు. ఛాసిస్ (బండి అడుగు చట్రం) నంబరున్న రేకు ముక్క కోసి ఫ్రేముకి అతికించు. ఇంజను నంబరు ఎలాగూ కలుస్తుంది. ఇంకెవడు అడుగుతాడు?" అని. మా ఊరి సంగతి మీకు తెలుసు. మాది ఒడిశా, పక్కనే ఉన్న పాతపట్నం ఆంధ్ర, అక్కడికి వెళ్లొచ్చినా రాష్ట్రం దాటినట్టే. రెండు రాష్ట్రాల పోలీసుల ముందు నుంచి ఈ బండి తిరగాలి. టెన్షన్‌గా ఉంది. మీరేమంటారు?

రాయగడ వర్క్‌షాప్:

తమ్ముడూ, మీ మేనమామ మాటే నా మాట. 22 ఏళ్లుగా రాయగడలో షెడ్డు నడుపుతున్నాను. సంత రోజున మన కొండ ఊళ్ల దారిలో నిలబడి చూడు. జీపు వెనక రెండు బెంచీలు పెంచినవాడు కనిపిస్తాడు, ఆటో మీద ఇనుప క్యారియర్ కట్టి మనుషులను ఎక్కించినవాడు కనిపిస్తాడు. ఇరవై మందిని వేలాడదీసుకుని ఘాటు రోడ్డు దిగే బండి తిరగొచ్చు గానీ, ఇద్దరు కూర్చునే నీ కారు తిరగకూడదా? ఆమ్నీ నీ డబ్బుతో కొన్నావు, పన్ను కట్టావు. ఇంజను అదే, గేర్లు అవే, బ్రేకులు అవే. పైన డబ్బా ఒక్కటే మారింది.

ఇంకో మాట. ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్లకి పాత పార్టు విప్పి కొత్తది బిగించడమే పని. ఒక కొలత తీసి, కోసి, అతికి, నిలబెట్టడం వాళ్లకి రాదు. నువ్వు చేసింది ఆ పని. మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లా దేవరాష్ట్రే ఊళ్లో ఒక కమ్మరి తుక్కు సామానుతో, కిక్ కొడితే స్టార్టయ్యే కారు కట్టాడు. దేశమంతా మెచ్చుకుంది. నిన్నెందుకు మెచ్చుకోకూడదు?

గుణుపురం మాస్టారు:

అన్నయ్య గారూ, సాంగ్లీ సంగతి సగమే చెప్పారు. 2021 డిసెంబరులో ఆనంద్ మహీంద్రా ఆ కారును మెచ్చుకుంటూనే, ఇది రూల్సుకి ఒప్పదు, ఎప్పటికైనా అధికారులు ఆపుతారు అని రాశారు. దానికి బదులు బొలెరో ఇస్తానన్నారు, మరుసటి నెలలో ఇచ్చారు కూడా. మెచ్చుకున్న ఆయన కూడా ఆ బండి రోడ్డు మీద నిలుస్తుందని అనుకోలేదు.

బాబూ, ఇక నీ విషయం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు చెప్పిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ కేసులో ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణలో 182ఎ సెక్షను వచ్చింది. అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. ఇంకో సంగతి, బండిని విప్పి పనికిరాకుండా చేశాక ఆ విషయం రిజిస్ట్రేషన్ ఆఫీసుకి 14 రోజుల్లో చెప్పాలని 55వ సెక్షను అంటుంది. విప్పిన రోజు నుంచే నీ ఆర్‌సీ ఆయుష్షు తీరింది.

ఇవన్నీ పక్కన పెట్టు. నన్ను భయపెట్టేది ఆ రేకు ముక్క. ఛాసిస్ నంబరు కోసి వేరే ఫ్రేముకి అతికించడం దొంగబండ్లకి చేసే పని. చెక్‌పోస్టులో కానిస్టేబుల్ ఆ అతుకు మీద వేలు పెట్టి రాస్తే, నువ్వు రెండేళ్లు పడ్డ కష్టం అతనికి కనపడదు. వెల్డింగ్ గీత ఒక్కటే కనపడుతుంది.

డబ్బా ఒక్కటే మారిందన్న మాట కూడా ఒప్పుకోను. కిట్ కార్లను చట్టం ఒప్పుకునే బ్రిటనులో కూడా, పాత నంబరు నిలుస్తుందా అన్నది తేల్చేటప్పుడు ఛాసిస్ సంగతి కూడా చూస్తారు. ఇంజను కలిసినంత మాత్రాన నంబరు రాదు.

జయపురం డ్రైవరు:

చట్టం మాస్టారు చెప్పారు. మా ఇంట్లో జరిగింది నేను చెప్తాను. మా పెద్దన్నయ్య జీపుకి ఛాసిస్ రెండడుగులు పెంచి, బెంచీలు వేయించాడు. వర్క్‌షాప్ అన్నయ్యా, మీరన్న బండే అది. సుంకి ఘాటు దిగుతుంటే మలుపులో వెనక భాగం బయటికి తిరిగి, ఎదురొచ్చిన బైకు కుర్రాడికి తగిలింది. ప్రాణం దక్కింది గానీ కాలు పోయింది.

కేసు ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌కి వెళ్లింది. బీమా కంపెనీ వకీలు రెండు ఫొటోలు చూపించాడు, ఒకటి కంపెనీ జీపు, ఒకటి మా జీపు. చివరికి, ఆ కుర్రాడికి బీమా కంపెనీయే ముందు కట్టాలి, తర్వాత ఆ డబ్బు బండి యజమాని దగ్గర వసూలు చేసుకోవాలి అని తీర్పు వచ్చింది. అన్నయ్య ఊట భూమి అమ్మాడు. ఆ కుర్రాడు ఇప్పటికీ మా వీధిలోంచే కర్ర పట్టుకుని నడుస్తాడు. అన్నయ్య ఆ టైములో అరుగు మీద కూర్చోడు, లోపలికి వెళ్లిపోతాడు.

అందరూ తిప్పుతున్నారు కదా అని అప్పుడు మేమూ అనుకున్నాం.

రాయగడ వర్క్‌షాప్:

జయపురం తమ్ముడూ, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నేనూ బెంచీలు వేసి ఇచ్చినవాడినే. రేకు ముక్క మాట వెనక్కి తీసుకుంటున్నాను. పర్లాకిమిడి తమ్ముడూ, అది చేయకు.

కానీ మాస్టారూ, ఒకటి అడుగుతాను. బ్రిటను పేరు మీరే ఎత్తారు. అక్కడ ఇంట్లో కట్టిన కారుని ప్రభుత్వ కేంద్రానికి తీసుకెళ్తే, ఆ ఒక్క బండినే నిలబెట్టి బ్రేకులు, లైట్లు, పొగ, బెల్టు బిగింపులు, పదునుగా పొడుచుకొచ్చే అంచులు అన్నీ చూస్తారు. పాసైతే నంబరిస్తారు, ఫెయిలైతే సరిచేసుకుని మళ్లీ రమ్మంటారు. లోటస్ సెవెన్‌ని అప్పట్లో విడి భాగాలుగా కొనుక్కుని ఇంట్లో బిగించుకునేవారు, పన్ను తగ్గేది. 1973లో వ్యాట్ అనే కొత్త పన్ను వచ్చి ఆ లాభం పోయింది. అయినా కట్టేవాళ్లు మానలేదు. అదే ఏడాది ఆ డిజైను హక్కులు తీసుకున్న కేటర్‌హామ్ ఇప్పటికీ ఆ కారు అమ్ముతోంది.

మన దగ్గర ఏముంది? బండ్లను పరీక్షించి సర్టిఫికెట్టు ఇచ్చే పుణెలోని ఏఆర్ఏఐ లాంటి సంస్థలు ఉన్నాయి, కానీ ఆ పరీక్షలు వేల బండ్లు చేసే కంపెనీల కోసం రాసినవి. ఒక్క బండి కట్టినవాడు ఎక్కడికి వెళ్లాలి? ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు 2007 నుంచి బాజా పోటీకి బగ్గీలు కట్టి మధ్యప్రదేశ్‌లోని పీథంపూర్ తీసుకెళ్తున్నారు. అక్కడ జడ్జీలు ముందు బ్రేకులు చూసి, పాసైన బండినే ట్రాక్ మీదికి వదులుతారు. అంటే ఇంట్లో కట్టిన బండిని పరీక్షించడం మనకి చేతకాని పని కాదు. పోటీ అయ్యాక ఆ బగ్గీలు కాలేజీ షెడ్లలో తుప్పు పడతాయి. నాకు కోపం దాని మీద. పరీక్ష పెట్టండి, ఫెయిలైతే నేనే గ్యాస్ కట్టర్‌తో కోసేస్తాను. పరీక్షే లేకుండా వద్దంటే ఎలా?

గుణుపురం మాస్టారు:

ఆ విషయంలో మీతో నాకు తగాదా లేదు అన్నయ్య గారూ. అలాంటి పరీక్ష రావాలి. వచ్చేదాకా మాత్రం అబద్ధపు నంబరుతో తిప్పమని నేను చెప్పలేను. ఒక్క దారి ఉంది. కేవలం మూసి ఉన్న ఆవరణలో వాడటానికే చేసిన ప్రత్యేక బండిని చట్టం మోటారు వాహనంగా లెక్కించదు. కంచె, గేటు ఉన్న స్థలం ఉంటే చూడు బాబూ.

పర్లాకిమిడి షెడ్డు:

అందరికీ కృతజ్ఞతలు. మీ మాటలు చదివాక రెండు పనులు చేశాను.

మొదటిది, ఫ్రేము అతికేటప్పుడు మిగిలిన పైపు ముక్కల్లో నాలుగు అతుకులు కోసి చూశాను. రెండు బాగున్నాయి. మిగతా రెండింటిలో వెల్డింగ్ పైన ముద్దలా కూర్చుంది గానీ పైపు లోపలికి కలవలేదు. కోసిన చోట సన్నటి నల్ల గీత. పైనుంచి చూస్తే నాలుగూ ఒకేలా, నున్నగా ఉన్నాయి. పైపు పల్చన కదా, చిల్లు పడుతుందని భయపడి కరెంటు తగ్గించి, చెయ్యి తొందరగా లాగేసిన రోజులవి. ఫ్రేములో అలాంటి అతుకులు ఇంకెన్ని ఉన్నాయో.

రెండోది, ముందు చక్రానికి పొడుగాటి బద్ద కట్టి, స్ప్రింగు తీసేసి, జాకీతో చక్రాన్ని అంగుళం అంగుళం లేపుతూ గోడ మీద అట్టకి గీతలు పెట్టాను. స్టీరింగ్ కదలకుండా కట్టేసే ఉంచాను. చక్రం రెండంగుళాలు లేచేసరికి బద్ద కొస మూడు వేళ్ల వెడల్పు లోపలికి తిరిగింది. అంటే ర్యాక్ తప్పు ఎత్తులో బిగించాను. గుంతలో పడితే స్టీరింగ్ తిప్పకుండానే బండి పక్కకి లాగుతుంది. బ్రేకులూ అంతే. దాదాపు 800 కిలోల ఆమ్నీ బరువుకి, ఎత్తుకి లెక్కేసినవి. సగం బరువున్న పొట్టి బండిలో ఏ చక్రం ముందు బిగుస్తుందో తొక్కి చూస్తే గానీ తెలియదు. నంబరు ప్లేటు ఉండి ఉంటే ఈపాటికి దీన్ని పాతపట్నం బజారులో తిప్పుతూ ఉండేవాణ్ని, పక్క సీట్లో మా పాప.

ఆమ్నీ ఆర్‌సీ వచ్చే సోమవారం ఆఫీసులో అప్పగిస్తున్నాను. మేనమామకి చెప్పాను. కాసేపు కోప్పడ్డారు, తర్వాత ఆయనే అన్నారు, మా జీడి తోటకి నాలుగు వైపులా కంచె ఉంది, చెట్ల మధ్య దారి చదును చేయిద్దాం అని. ఫ్రేము మళ్లీ మొదటి నుంచి అతుకుతాను, ప్రతి సైజు పైపులో ఒక ముక్క ముందు కోసి చూసుకున్నాకే.

వర్క్‌షాప్ అన్నయ్యా, ఇంజను వెనక్కి జరిపాను కాబట్టి ప్రొపెల్లర్ షాఫ్టు తొమ్మిది అంగుళాలు తగ్గించాలి. కోసి, అతికి, బ్యాలెన్సు చూసే లేత్ షాపు మీ వైపు ఉందా, లేక బరంపురం తీసుకెళ్లాలా?

రాయగడ వర్క్‌షాప్:

షాఫ్టు నా దగ్గరికే పట్టుకురా తమ్ముడూ. కోసే ముందు రెండు జాయింట్లూ ఒకే వరసలో ఉండేలా సుద్దతో గీత గియ్యి. ఆ గీత లేకుండా కోస్తే ఎంత బ్యాలెన్సు చేసినా వణుకు పోదు. వచ్చేటప్పుడు బాగులేని ఆ రెండు అతుకుల ముక్కలు కూడా తీసుకురా. మా కుర్రాళ్లకి చూపించాలి.